నిర్మాల్యం మేసిన మందారం

మా అపార్టుమెంటులో మట్టి ఉన్న చోటు ఒక్కటే. కింద, నా వంటింటి కిటికీ పక్కన, ప్రహరీ గోడకు ఆనుకుని, ఒక మంచం వేస్తే సరిపోయేంత. మిగతాదంతా బండలు, సిమెంటు, కార్లు. ఆ మట్టిలో ఒక ఎర్ర మందారం ఉంది. ఎండకు తట్టుకుంది, మేస్త్రీలకు తట్టుకుంది, కోతులకు కూడా తట్టుకుంది. చివరికి భక్తుల చేతిలో చావబోయింది. ఆ సంగతే చెబుతాను. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నా నోటికొచ్చిన మాటల్లో కొన్నిటిని ఆమె మింగేస్తోంది. మింగనీ, మర్యాదస్తుల పిల్ల.

ఎల్బీనగర్ దగ్గర ఈ కాలనీ ఉన్న జాగా అంతా ఒకప్పుడు జొన్న చేలు. మా పెంకుటిల్లు ఉన్న స్థలాన్ని బిల్డరుకు ఇస్తే, అతను అంతస్తులు లేపి, కింది ఇల్లు మాకు ఇచ్చాడు. పాత ఇల్లు కూల్చే రోజు మావాళ్లంతా తలుపులు, దూలాలు, ఇత్తడి గడియలు చూసుకుంటున్నారు. నేను పెరట్లోకి పోయి మందారం కొమ్మ కోసుకున్నాను. మా ఆయన నవ్వాడు.

"దూలాలు ఇడిసిపెట్టి పుల్లలు ఏరుకుంటున్నవేందే" అన్నాడు.

ఆ పుల్లను నూనె డబ్బాలో పాతి, కిరాయి ఇంటి కిటికీలో పెట్టి, బిల్డింగు పూర్తయ్యేదాకా బతికించాను. తీరా తెచ్చి పాతుదామంటే బిల్డరు అడ్డం పడ్డాడు. మట్టి కనిపిస్తే ఫ్లాటు విలువ పడిపోతుందట. గోడ దాకా టైల్సు వేస్తానన్నాడు. నేను ఆ మూల పీట వేసుకుని కూర్చున్నాను. మేస్త్రీ చుట్టూ టైల్సు వేసుకుంటూ వచ్చి, నా పీట దగ్గర ఆగిపోయాడు. అట్లా నా చుట్టూ మంచమంత మేర మట్టి మిగిలింది.

మా ఆయన ట్రాలీ ఆటోలో గడ్డిఅన్నారం మార్కెట్టుకు పళ్లు తోలేవాడు. చెట్టును వెక్కిరిస్తూనే, సాయంత్రం వచ్చేటప్పుడు మురిగిన సపోటాలు, పగిలిన బొప్పాయిలు గోనెసంచిలో తెచ్చి దాని మొదట్లో పూడ్చేవాడు. తర్వాత మార్కెట్టు ఊరవతలికి పోయింది. ఆయన ఇంకా దూరం పోయాడు. చెట్టు నా వంతుకు వచ్చింది.

మందారం పెద్దగా కోరికలున్న చెట్టు కాదు. పొద్దుటి ఎండ చాలు. పైమట్టి ఆరితే నీళ్లు పోయాలి, ఆరకముందు పోయకూడదు. వానలు మొదలవుతూనే కొమ్మలు కత్తిరించాలి, అప్పుడే కొత్త చిగుళ్లు వేసి, చిగురు చిగురుకూ మొగ్గ తొడుగుతుంది. పిండి పురుగు పడితే సబ్బు నీళ్లతో కడగాలి. అంతకంటే దానికి మన గొడవ అక్కరలేదు.

మా అపార్టుమెంటు వాళ్లు తెల్లవారకముందే దిగి పూలు కోసుకుపోయేవారు. అడిగేవారు కాదు. అడిగితే నేను కోసి చేతికివ్వాలి కదా. మొగుడు పోయినదాని చేతి పువ్వు పొద్దున్నే దేవుడికి పెట్టవచ్చా అని వాళ్లకు ఒక అనుమానం. ఆ అనుమానాన్ని నా మొహం మీద అనడం సభ్యత కాదు. కాబట్టి చెప్పకుండా కోసుకోవడమే సభ్యత అని, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే అందరూ తీర్మానించుకున్నారు. నేను వంటింటి కిటికీ వెనక నిలబడి టీ తాగుతూ చూసేదాన్ని. కోపం రాలేదు. పువ్వు కోస్తే చెట్టుకు వచ్చే నష్టం లేదు.

పైకి పోయిన పువ్వు మళ్లీ కిందికి దిగడంతో వచ్చింది కష్టం.

దేవుడికి పెట్టి, వాడిపోయాక తీసేసిన పూలు, వాటితో పాటు తీసేసినవన్నీ నిర్మాల్యం. దాన్ని చెత్తలో వేయకూడదు, ఎవరి కాలూ తగలకూడదు, చెట్టు మొదట్లో వేయాలి. పాత రోజుల్లో అది మంచి ఏర్పాటే. అప్పుడు చెట్లు ఎక్కువ, దేవుడి పటాలు తక్కువ. ఇక్కడ ఇంటింటికీ గోడ నిండా దేవుళ్లు, అందరికీ కలిపి చెట్టు ఒక్కటే. పొద్దున నా మందారాలు మెట్లెక్కి వెళ్లేవి, మర్నాడు లిఫ్టులో తిరిగి వచ్చేవి. ఒక్క పూలే వస్తే ఎరువు అనుకునేదాన్ని. వాటి వెనకాల పసుపు, కుంకుమ, విభూది, అగరొత్తుల పుల్లలు, వత్తులు మునిగిన నూనె, కొబ్బరి పీచు కూడా దిగాయి. మూడో అంతస్తు కుర్ర దంపతులు ఇవన్నీ పాలిథిన్ కవరులో వేసి, ముడి విప్పకుండానే పెట్టి దండం పెట్టుకుని ఆఫీసుకు పోయేవారు.

మొదటి అంతస్తులో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే సారు ఉంటాడు. సోమవారం సోమవారం ఆయన ఇంట్లో శివుడికి అభిషేకం. పాలు, పెరుగు, తేనె, పంచదార, నెయ్యి, అన్నీ కలిసిన ఆ నీళ్లను బిందెతో తెచ్చి మందారం మొదట్లో కుమ్మరించేవాడు. శివుడు రాయి కాబట్టి తట్టుకున్నాడు. వేరు సంగతి అది కాదు.

ముందు చీమలు వచ్చాయి. చీమల వెంట పిండి పురుగు వచ్చింది, ఆ పురుగు వదిలే తీపి కోసం చీమలే దాన్ని మోసుకొచ్చి కొమ్మ కొమ్మకూ పెడతాయి. తర్వాత కొబ్బరి ముక్కల వాసనకు పందికొక్కు వచ్చి వేళ్ల కింద బొరియ తవ్వింది. నూనె పేరుకుని మట్టి మీద అట్ట కట్టింది, నీళ్లు పోస్తే పక్కకు జారిపోతున్నాయి. ఆకులు పండిపోయాయి. మొగ్గలు విచ్చకముందే తొడిమతో సహా రాలుతున్నాయి.

నేను పైకి ఎక్కి చెప్పి చూశాను. రెండో అంతస్తులో బ్యాంకులో రిటైరైన సారు, ఆయన భార్య ఉంటారు. కోస్తా వాళ్లు, మాట నెమ్మది. సారే మా అసోసియేషనుకు ప్రెసిడెంటు. ఆమె నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

"మేము వేసేది ఒక్క గుప్పెడేనండీ పిన్నిగారూ. ఆ ఫస్ట్ ఫ్లోర్ వాళ్లను చూడండి, బిందెలు బిందెలు. వాళ్లకు చెప్పండి ముందు" అంది.

మొదటి అంతస్తుకు దిగాను. ఫిజిక్స్ సారు తలుపు తీశాడు.

"పాలు బలమే గద అత్తమ్మా. మేం చెట్టుకు బలమే పోస్తున్నం. సెకండ్ ఫ్లోరోళ్లు కుంకుమ ఏస్తరు సూడు, దాంట్ల కెమికల్ ఉంటది. గదే కొడుతున్నది చెట్టును."

"అంత బలమైతే నువ్వే తాగు సారూ."

"దేవుని మీద పోసినంక గిలాసతోని తాగుతరా? తీర్థం లెక్క జర తీసుకుంటం. మిగిలింది చెట్టుకు."

"చెట్టుకు తీర్థం లెక్క జర పోసి, మిగిలింది నువ్వు తీసుకో."

ఆయన నవ్వి తలుపు వేసుకున్నాడు. సోమవారం బిందె మామూలుగానే దిగింది.

నేను గోల పెట్టగా పెట్టగా అసోసియేషన్ మీటింగు పెట్టారు. కార్ల మధ్య కుర్చీలు వేసుకున్నారు. నిర్మాల్యం కోసం వేరే ఒక డ్రమ్ము పెట్టాలని అందరూ ఒప్పుకున్నారు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. డ్రమ్ము ఎక్కడ పెట్టాలన్నదే మిగిలింది. దేవుడి సామాను కాబట్టి ఈశాన్యంలో పెట్టాలని ఫిజిక్స్ సారు అన్నాడు. ఈశాన్యంలో బ్యాంకు సారు కారు ఉంది.

"కారు కూడా లక్ష్మీ స్వరూపమే కదండీ, దాన్ని కదపడం బాగుండదు. మీ బెడ్‌రూమ్ కిటికీ కింద ఖాళీ ఉంది, అక్కడైతే ఎలా ఉంటుందంటారు?" అన్నాడు బ్యాంకు సారు.

"వాసనొస్తది సార్. పిల్లలు చదువుకుంటరు."

"దేవుడి వస్తువులకు వాసనేంటండీ?"

"మరి మీ కారు పక్కన పెట్టుండ్రి."

నా చెట్టు దగ్గర వాసన రాదనుకున్నారో, నాకు ముక్కు లేదనుకున్నారో తెలియదు. చివరికి ఎవరికీ నొప్పి లేని పని ఒకటి చేశారు. బోర్డు రాయించారు. బ్యాంకు సారు దిల్‌సుఖ్‌నగర్ పోయి, ఎర్ర అక్షరాలతో "ఇక్కడ చెత్త వేయరాదు" అని రాయించి తెచ్చి, దగ్గరుండి గోడకు కొట్టించాడు. ఆ బోర్డును మా అపార్టుమెంటులో అందరూ తు.చ. తప్పకుండా పాటించారు. ఒక్కరు కూడా చెత్త వేయలేదు. దేవుడి సామాను చెత్త కాదు కదా. బోర్డు పడ్డాక ఇది శుభ్రమైన చోటని నమ్మకం కుదిరి, అదివరకు వేయనివాళ్లు కూడా వేయడం మొదలుపెట్టారు.

అద్దం పగిలిన పటం ఇంట్లో ఉండకూడదంటారు. ఒక రోజు పగిలిన లక్ష్మీదేవి పటం ఒకటి మందారం కాండానికి ఆనుకుని కూర్చుంది. ఎవరు పెట్టారో తెలియదు. ఆమె వెనకే పోయిన ఏటి మట్టి వినాయకుడు, తొండం లేనివాడు, వచ్చాడు. క్యాలెండర్ల నుంచి కత్తిరించిన వెంకటేశ్వరస్వాములు చుట్టలు చుట్టుకుని వచ్చారు. దేవుళ్లంతా ఒక చోట చేరాక దీపం పెట్టకపోతే బాగుండదని ఎవరో ప్రమిద పెట్టారు. ప్రమిద సెగకు కింది కొమ్మ మాడింది. ఆ తర్వాత ఒక శుక్రవారం లేచి చూస్తే మందారం కాండానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఎర్ర దారం చుట్టి ఉంది.

తొలివాన పడింది. నేను కత్తెర పట్టుకుని కొమ్మలు కోయడానికి పోయాను. పై బాల్కనీ నుంచి బ్యాంకు సారు భార్య కేకేసింది.

"పిన్నిగారూ, ఆగండాగండి. బొట్టు పెట్టిన చెట్టు. కత్తి తగలకూడదండీ."

"బొట్టు నేను పెట్టలేదమ్మా."

"ఎవరు పెడితేనేమండీ, పెట్టాక అమ్మవారే కదా."

"అమ్మవారికి పురుగు పట్టింది, కనిపిస్తలేదా?"

"అందుకేనండీ, ఒకసారి పూజ చేయిద్దాం. ఇవాళ శుక్రవారం ఎలాగూ వద్దు. రేపు అమావాస్య. మంగళవారం కుదరదు. మంచి రోజు చూసి చెబుతాను."

నాకూ దేవుడంటే భయం ఉంది. కత్తెర కొంగులో దాచుకుని లోపలికి వచ్చాను. మంచి రోజు వచ్చేదాకా వానాకాలం నిలబడదు. సాయంత్రం ఎవరూ లేనప్పుడు పోయి, గోటితో బెరడు గీకి చూశాను. ఒక కొమ్మలో చెక్క ఎండి పేడు తేలింది. ఇంకోదాంట్లో అంతే. గోడవైపు ఉన్న ఒక్క కొమ్మలోనే లోపల పచ్చ తగిలింది. ఆ పచ్చ కూడా పోతే మా పెరటి మందారం ఇక ఈ లోకంలో లేనట్టే. మళ్లీ ఒక పుల్ల కోసుకుందామన్నా ఆ పెరడు మీద ఇప్పుడు అంతస్తులు ఉన్నాయి.

ముందు దేవుళ్లకు ఒక దారి చూపిద్దామని, మర్నాడు పటాలు, వినాయకుడు, చుట్టలు, అన్నీ బకెట్లో సర్ది, ఆటోలో గుడికి తీసుకుపోయాను. పూజారి దూరం నుంచే చేయి ఊపాడు.

"ఇక్కడ పెట్టొద్దమ్మా. ఇప్పటికే గుట్ట అయింది, ఎత్తేవాడు లేడు."

"దేవుని సామాను గుళ్లె కాకపోతే ఏడ పెట్టాలె పంతులూ?"

"ఏదైనా చెట్టు మొదట్లో పెట్టేయమ్మా" అన్నాడు.

బకెట్టు తీసుకుని అదే ఆటోలో తిరిగొచ్చాను. దేవుళ్లను తడిగుడ్డతో తుడిచి, మా వంటింటి గూట్లో వరసగా నిలబెట్టాను. తొండం లేకపోతే ఏమైంది, ఉండనీ అనుకున్నాను. మీకు ఇక్కడ నీడ ఇచ్చాను, బయట నేను చేయబోయే పనికి కళ్లు మూసుకోండి అని ఒక మాట చెప్పుకున్నాను.

మా అత్త మందారానికి ఏం పోసేదో నాకు గుర్తుంది. చేపలు కడిగిన నీళ్లు. పెంకుటింట్లో చేపల కూర వండినప్పుడల్లా ఆ నీళ్లు పెరట్లోకే పోయేవి, చెట్టు విరగబూసేది. అపార్టుమెంటులోకి వచ్చాక పైవాళ్లు మాంసం తినరు, వాసన కష్టమని నేనే మానుకున్నాను. వాళ్ల కోసం మానుకున్నానని ఎవరికీ చెప్పనూ లేదు.

ఆదివారం బొచ్చె చేప తెప్పించాను. వాకిట్లోనే పీట వేసుకుని, కత్తిపీట ముందు కూర్చుని, పొలుసు తీసి కడిగాను. బాల్కనీల్లో అందరూ బట్టలు ఆరేసుకుంటూ, కాఫీలు తాగుతూ ఉండే వేళ చూసుకున్నాను. తల, పేగులు మొదలుకు దూరంగా గుంట తీసి పూడ్చాను. నెత్తుటి నీళ్లు స్టీలు బకెట్టుతో, గుడిలో ప్రదక్షిణ చేసినంత నిదానంగా, చెట్టు చుట్టూ తిరిగి పోశాను.

పైన ఒక్కొక్క కిటికీ మూసుకోవడం వినిపించింది. బ్యాంకు సారు రుమాలు ముక్కుకు పెట్టుకుని దిగాడు.

"ఏంటి పిన్నిగారూ ఇది? అమ్మవారి చోటు కదా."

"అమ్మవారిని లోపలికి తీసుకపోయిన సారూ. గూట్లె పెట్టిన. గిప్పుడు గిది ఉత్త మట్టే."

"అయినా చేపల నీళ్లేంటండీ? నలుగురూ ఉండే చోటు."

"నువ్వు కొట్టించిన బోర్డే సదువు. చెత్త ఎయ్యొద్దన్నరు. నేను ఎయ్యలే. నీళ్లు పోసిన."

"మరి మా పూల సంగతి ఏంటండీ? పూజకు ఎలా?"

"అవి మీ పూలు ఎప్పటిసంది సారూ?"

ఆయన రుమాలు తీసి, మళ్లీ పెట్టుకుని, లిఫ్టు ఎక్కాడు. లిఫ్టు తలుపు మూసుకునేదాకా నా వైపు చూడలేదు.

సోమవారం బిందె దిగలేదు. మంగళవారం కవర్లు దిగలేదు. బొట్టు పెట్టినవాళ్లెవరో గానీ, వాళ్లు కూడా మా అమ్మవారు ఎక్కడ ఉందని అడగడానికి రాలేదు. చేపల నీళ్లు తగిలాక మందారం మళ్లీ మామూలు చెట్టు అయింది. మామూలు చెట్టుకు కత్తెర పెట్టడానికి మంచి రోజు అక్కరలేదు. ఎండిన కొమ్మలన్నీ కోసేశాను, పచ్చగా ఉన్న కొమ్మను కూడా సగానికి తెగ్గొట్టి, కోసిన చోట పసుపు ముద్ద అద్దాను. అట్ట కట్టిన మట్టిని తవ్వి తీసేసి, రోడ్డు పక్క నర్సరీ నుంచి ఎర్రమట్టి, పెంట ఎరువు తెచ్చి నింపాను. బొరియలో గాజు పెంకులు వేసి మూశాను. సబ్బు నీళ్లు పట్టి కాండాన్ని పసిపిల్లను తోమినట్టు తోమాను. తర్వాత చేసేది ఏముంది, చూస్తూ కూర్చోవడమే. పొద్దున్నే పళ్లు తోముకోకముందు పోయి చూసేదాన్ని. కొన్ని రోజులు అది ఉత్త మొద్దు. ఒక రోజు ఆ కొమ్మ కణుపు దగ్గర గోరంత ఎరుపు కనిపించింది. పురుగేమో అని భయపడి వేలితో తడిమాను. చిగురు.

వానలు బాగా పడ్డాయి, మందారం మొగ్గ తొడిగింది. మొదటి పువ్వు విచ్చిన రోజు ఎవరూ కోయడానికి రాలేదు. నేను కూడా కోయలేదు. పనులు చేసుకుంటూ మధ్యమధ్య కిటికీలోంచి చూస్తున్నాను. మధ్యాహ్నానికి ఆ ఎరుపు ముదిరింది. పొద్దు వాలేవేళ రెక్కలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ, గొడుగు ముడిచినట్టు ముడుచుకుంది. మందారం ఇట్లా తన రోజు తాను ముగించుకోవడం నేను చూసింది చాలా ఏళ్ల తర్వాత. ఈ ఇంట్లోకి వచ్చాక ఒక్క పువ్వు కూడా సాయంత్రం దాకా కొమ్మ మీద ఉన్న పాపాన పోలేదు.

పై అంతస్తుల నిర్మాల్యం ఏమైందంటారా? రెండు వీధుల అవతల పార్కులో ఒక వేపచెట్టు దొరికింది వాళ్లకు. వాకింగుకు పోతూ చేతిలో కవరు పట్టుకుపోతారు.

శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం రోజు పొద్దున్నే, దిల్‌సుఖ్‌నగర్‌లో పూల ధరలు చూసి ఖాళీ సంచితో తిరిగొచ్చిన బ్యాంకు సారు భార్య, లిఫ్టు దగ్గరికి పోకుండా నా తలుపు కొట్టింది. కొట్టడం అదే మొదటిసారి.

"పిన్నిగారూ, ఆ నీళ్లు పోసి చాన్నాళ్లయిందనుకుంటానండీ."

"మొన్న ఆదివారమే పోసిన."

ఆమె మందారం వైపు తొంగి చూసింది.

"సోమవారం పెద్ద వాన పడింది కదండీ. అంతా కడుక్కుపోయి ఉంటుంది."

"చెట్టు ఏరు తాగినదాన్ని వాన ఎట్ల కడుగుతదమ్మా?"

"వేరు నుంచి పువ్వు దాకా వచ్చేలోపు శుద్ధి అయిపోతుందండీ. గంగలో మాత్రం ఏం కలవట్లేదు చెప్పండి."

ఇంత శాస్త్రం అప్పుడే తెలిసి ఉంటే నా చెట్టుకు అంత కష్టం వచ్చేది కాదు. అయినా ఆమె తలుపు కొట్టి అడిగింది, అది నాకు నచ్చింది.

"కోసుకో. ఒక్కటే మాట. పైకి పోయింది మళ్ల కిందికి రావద్దు."

"మరి నిర్మాల్యం ఎక్కడ వేయమంటారండీ?"

"ఒక కొమ్మ ఇస్త. మీ బాల్కనీల కుండీల పెట్టుకో, దాని మొదట్ల ఏసుకో."

"బాల్కనీలో వాషింగ్ మెషీన్ ఉందండీ" అంది. ఖాళీ సంచి వైపు చూసుకుని, "సరేలెండి, ఆయన్ని జరపమంటాను" అంది.

సంచి పట్టుకుని మట్టి అంచు దాకా వెళ్లి ఆగింది. దేవుడి పూలు కోసేటప్పుడు చెప్పులు ఉండకూడదు. ఒక చెప్పు విడిచింది. ఎండకు మట్టిలో చేప పొలుసు ఒకటి మెరిసింది. రెండో చెప్పు విడవడానికి ఆమెకు మనసు ఒప్పలేదు, విడిచింది తొడుక్కోవడానికి భక్తి ఒప్పలేదు. ఉత్త కాలును చెప్పు ఉన్న కాలి మీద పెట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి కొమ్మకు చేయి చాచింది.

"గోడదిక్కు మొగ్గలు రేపటివి, ముట్టకు" అన్నాను కిటికీలోంచి.

"ముట్టనండీ" అని, ఊగుతూనే కోసుకుంది.